నాగరాణి వేసిన ఎర్ర రంగు

నాగరాణి ఏం పని చేస్తుందో వాళ్ల పల్లెలో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. దేవరకొండ నుంచి డిండి పోయే దారికి లోపలగా, కంకర గుట్టల మధ్య ఉంటుంది ఆ పల్లె. అక్కడ ఒకరు ఆమె కంప్యూటర్లు బాగు చేస్తుందంటారు, ఇంకొకరు ఫోన్లలో సినిమాలు ఎక్కిస్తుందంటారు. అందరికన్నా ఎక్కువ తెలిసినాయన ఒకాయన, నెట్టు అనేదాన్ని షాద్‌నగర్‌లో కూర్చుని ఈ పిల్లే నడుపుతుందని కూడా చెప్పాడు. తండ్రి బీరన్న ఈ మాటలన్నీ విని, మీసం కింద నవ్వుకుని, గొర్రెలు తోలుకుపోతాడు. కూతురి పనేమిటో ఆయనకూ తెలియదు. కానీ తెలిసినట్టు మాట్లాడడు. మగవాళ్లలో అది అరుదైన గుణం.

అసలు సంగతేమిటంటే, షాద్‌నగర్‌లో టైర్ల దుకాణం మీది అంతస్తులో ఒక చిన్న ఆఫీసు ఉంది. దుకాణాలకు, బడులకు, దవాఖానలకు వెబ్ పేజీలు తయారు చేసి ఇస్తారు. దాని యజమాని శివకృష్ణ. దేవరకొండలో డిగ్రీ చేసి, తర్వాత కంప్యూటర్ కోర్సు నేర్చుకున్న నాగరాణిని ఆయన పనిలోకి తీసుకున్నాడు. అయితే కొన్నాళ్లు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటానని ముందే చెప్పాడు. నచ్చితేనే అన్న ఆ మాట ఆ పిల్ల మెడ మీద కత్తిలా వేలాడుతూనే ఉంది.

ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదని కాదు. గొర్రెలున్నాయి, చారెడు చెలక ఉంది. కానీ నాగరాణికి ఆ పని మీద మనసు పడింది. తాను రాసిన నాలుగు ముక్కలు ఎక్కడో ఎవరి ఫోన్లోనో కదలడం చూస్తే, మొదటి కాన్పు గొర్రె పిల్లను నాకి లేపినప్పుడు కలిగే సంబరం కలిగేది. దాన్ని వదిలి రావడం ఆమె వల్ల కాదు.

మొదట్లో మాత్రం ఏడుపొక్కటే తక్కువ. మనం చూసే పేజీకి వెనక కన్సోల్ అని ఒక కిటికీ ఉంటుంది. మామూలు జనానికి దానితో పని లేదు. పేజీ రాసేవాళ్లు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి తమ కోసం చిన్న చిన్న మాటలు రాసిపెట్టుకుంటారు. బటన్ నొక్కారు, పేరు అందింది, జవాబు వచ్చింది, ఇట్లాంటివి. పేజీ నడుస్తుంటే ఆ మాటలు కిటికీలో ఒకదాని కింద ఒకటి పడుతుంటాయి. ఆ ఆఫీసులో చేరినవాడల్లా మాటలు రాశాడు, మానేసి పోయినవాడు ఒక్కడూ తనవి తీసేసి పోలేదు. ఎంగిలి కంచం కడగకుండా లేచిపోయే రకాలు. అందుకని కిటికీ తెరిస్తే చాలు, వడగళ్లు కొట్టినట్టు మాటలు పడేవి. అన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు. తాను రాసిన మాట ఎక్కడుందో వెతుక్కోవడానికే నాగరాణికి పొద్దు గడిచిపోయేది.

ఒకరోజు పక్క కుర్చీలోని స్వరూప అది చూసింది. స్వరూపది ఆలంపూర్ దగ్గరి ఊరు. ఆ ఆఫీసులో అందరికన్నా పాత మనిషి. నాగరాణి ఉండేది కూడా ఆమె కిరాయికి తీసుకున్న గదిలోనే.

"ఏం దేవులాడుతున్నవే పొద్దుగాల్నుంచి?"

"నా మాట అక్కా. గీ గుంపుల ఏడ వడ్డదో కండ్లకు ఆనతలేదు."

"రంగెయ్యరాదు దానికి!"

"మాటకు రంగేస్తరా అక్కా?"

"ఎందుకెయ్యరు? మాట ముంగట శాతం గుర్తు పెట్టి, దాని పక్కన ఇంగ్లీషు సి రాయి. మాట అయిపోయినంక కామా పెట్టి ఏ రంగు కావాల్నో చెప్పు. రాతకు రంగు వెయ్యొచ్చు, వెనక పూత వెయ్యొచ్చు, లావు చెయ్యొచ్చు. నీ ఇష్టం."

తెలిసినవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? లే పక్కకని కీబోర్డు లాక్కుంటారు, టకటకా కొట్టేస్తారు, అర్థమైందా అని అడుగుతారు. అర్థం కాలేదంటే మొద్దు అంటారు. స్వరూప చేతులు కట్టుకుని నిలబడి నాగరాణి చేతనే కొట్టించింది. నాగరాణి తప్పు కొట్టింది, మళ్లీ కొట్టింది. మూడో మాటకు రంగు ఆగకుండా వరుస చివరిదాకా పారింది. "రంగు ఆపాల్నంటే నడుమ ఇంకో గుర్తు పెట్టు, దానికి లోపల ఏం లేని ఉత్త కొటేషన్ గుర్తులు ఇయ్యి. ఏ రంగూ వద్దని చెప్పినట్టు" అంది స్వరూప. పెట్టింది. రంగు ఆగింది. తెల్లటి గుంపులో తన మాట ఒక్కటే పూత వేసుకుని నిలబడింది.

స్వరూప చెప్పేది పూర్తికాకముందే నాగరాణికి అది తెలిసిన పనిలా అనిపించింది. ఎండాకాలం మేతకు దూరం పోయినప్పుడు నీళ్ల దగ్గర రెండు మందలు కలిసిపోతాయి. ఎవరి గొర్రె ఏదో వాటి ముఖాలు చూసి చెప్పమంటే ఎట్లా చెప్తారు? అందుకే ప్రతి ఇంటికీ ఒక రంగు, ఒక చోటు ఉంటాయి. ఒకరిది నడుము మీద నీలం, ఇంకొకరిది తోక దగ్గర పచ్చ. బీరన్న ఇంటిది జాజు, అంటే ఎర్రమట్టి రంగు, వీపు మీద. ఏటా కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోసేటప్పుడు ఆ జాజు కొత్తగా పూస్తారు. జాజు పడిందంటే ఆ గొర్రె మనది, దానికి మందు పడింది, ఇంక ఫికర్ లేదు అని లెక్క.

ఆ లెక్కే ఆమె కొంప ముంచింది.

శివకృష్ణ ఆఫీసుకు ఒక కంటి దవాఖాన పని వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఫోన్లోనే టోకెన్ తీసుకుని, తమ రోజున వచ్చి చూపించుకునే పేజీ అది. మొదట రాసినవాడు సగంలో మానేసి పోయాడు. ఆ పేజీ నాగరాణి నెత్తిన పడింది. పేజీ నడుస్తున్నది కానీ అందులో ఒక దెయ్యం ఉంది. కొందరికి ఫోన్లో టోకెన్ దొరికిందని వస్తుంది. తీరా కొడుకును బతిమాలుకుని, బస్సులు మారి, చెయ్యి పట్టుకుని దవాఖానకు పోతే అక్కడ వాళ్ల పేరు ఉండదు. కళ్లు కనపడని ముసలివాళ్లను గుమ్మం దగ్గర నుంచే తిప్పి పంపుతున్నారు. ఆఫీసులో ఎన్నిసార్లు నొక్కి చూసినా టోకెన్ చక్కగా పడుతుంది. తప్పు దొరకదు.

నాగరాణి కొత్తగా నేర్చిన విద్యను అందులో పెట్టింది. టోకెన్ బటన్ దగ్గర ఒక మాట రాసింది, 'టోకెన్ పడింది' అని. దాని వెనక చిక్కటి ఎర్ర పూత పూసి, తెల్లటి అక్షరాలు పెట్టింది. నొక్కినప్పుడల్లా ఎర్రగా, నిండుగా ఆ మాట పడుతుంటే ఆమె కంటికి ఎంతో ఇంపుగా ఉండేది.

దవాఖాన మేనేజరు ఒక శుక్రవారం ఆఫీసుకు వచ్చాడు. పని ఎంతవరకు వచ్చిందో చూపించమన్నాడు. శివకృష్ణ గోడకున్న పెద్ద టీవీకి నాగరాణి కంప్యూటరు కలిపించాడు. ఆ పిల్ల భయంతోనే టోకెన్లు నొక్కి, లోపల ఏం జరుగుతుందో కూడా చూపిద్దామని కన్సోల్ తెరిచింది.

టీవీ నిండా ఎరుపు. పై నుంచి కింది దాకా ఎరుపే.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఇదేందయ్యా శివకృష్ణా, గిన్ని తప్పులున్నయా? తప్పులు ఎర్రగొస్తయని నాక్కూడ తెలుసు. గిందుకే మా పేషంట్లు తిరిగిపోతున్నరు!"

"తప్పులు కాదు సార్" అంది నాగరాణి. "అవి మంచియి. టోకెన్ పడ్డదని."

"మంచియైతే ఎర్రగెందుకున్నయమ్మా?"

"మా ఇంట్ల ఎర్రదే మంచిది సార్" అనేసింది పిల్ల. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. ఇట్లాగే ఉంటే వేరేవాళ్లకు ఇచ్చుకుంటామని చెప్పి మెట్లు దిగిపోయాడు.

కన్సోల్‌లో తప్పులకు ఎరుపు అన్నది పుట్టుకతో వచ్చిన రంగు. బ్రౌజరే వేస్తుంది దాన్ని. లోకంలో ఈ పని చేసే ఎవడూ మంచి కబురుకు ఎరుపు వేయడు. ఆ సంగతి నాగరాణికి తెలియకపోలేదు. కానీ చిన్నప్పటి నుంచి చేతికి అంటిన జాజు ఆ చిన్న తెలివిని మింగేసింది.

శివకృష్ణ కేకలు వేయలేదు. కేకలు వేస్తేనే నయంగా ఉండేది. "చూడమ్మా నాగరాణీ, నువ్వు కష్టపడ్తవు. కాదనను. కని గీ దవాఖాన పని పోతే నేను మునుగుత. సోమారం దాక చూస్త. గా టోకెన్లు ఏడ పోతున్నయో దొరకవడితే మంచిది. లేకుంటే వేరే జాగా చూసుకో" అన్నాడు.

స్వరూప ఊరుకోలేదు. "రంగు వేసుడు నేర్పింది నేను సార్. ఏ రంగు దేనికో చెప్పకపోవుడు నా తప్పు. సోమారం దాక నేను గూడ కూసుంట దానితోని" అంది. తనకు సంబంధం లేని తప్పులో సగం నెత్తికి ఎత్తుకునే మనుషులు ఎంతమంది ఉంటారు? నాగరాణి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. కళ్లు తుడుచుకుని ఎరుపు తీసేసి ఆకుపచ్చ పూత పెట్టింది. రంగు మారింది కానీ టోకెన్ల జాడ మాత్రం తెలియలేదు.

శనివారం ఊరికి పోక తప్పలేదు. మందకు నట్టల మందు పోసే రోజు. తల్లి ఒక్కతే గొర్రెలను పట్టలేదు, బీరన్నకు మోకాలు వాచింది. వస్తానని ఎప్పుడో మాటిచ్చింది. "పో, ఆదివారం వచ్చెయ్యి. గంతల్కి నేను ఇంకోసారి చూస్త" అని స్వరూప పంపింది. కల్వకుర్తిలో బస్సు మారి ఇల్లు చేరేసరికి దొడ్డిలో పని మొదలైంది.

నాగరాణి తల్లి ఒక్కో గొర్రెను పట్టి నిలబెడుతున్నది. బీరన్న దాని మూతి ఎత్తి తెల్లటి మందు గొంతులో పోస్తున్నాడు. నాగరాణికి జాజు నీళ్ల డబ్బా, గుడ్డ ఇచ్చారు. బీరన్న తల్లి లక్ష్మీనర్సమ్మ దొడ్డి తలుపు దగ్గర రాయి మీద కూర్చుంది. ఆమె పని తలుపు కాయడం. తిట్టడం ఆమె స్వయంగా పెట్టుకున్న పని.

నాగరాణి మనసు ఇక్కడ లేదు, షాద్‌నగర్‌లో ఉంది. చేతులు మాత్రం ఆడుతున్నాయి. తల్లి ఒక గొర్రెను పట్టిందంటే చాలు, వీపు మీద గుడ్డ పడేది. బీరన్న మందు నింపుకునేలోపే జాజు పూసేసి తర్వాతి దాని కోసం చూసేది. ఇంతలో ఒక కొమ్ముల పొట్టేలు గింజుకుని తల్లి చేతిలోంచి జారి, మందలో కలిసి, ఎర్రటి వీపుతో దర్జాగా తలుపు దాటబోయింది.

"ఆగు!" అని కర్ర అడ్డం పెట్టింది ముసలామె. "దీనికి మందు పోసిండ్రా?"

"పోసిండ్రవ్వా. జాజు కనవడ్తలేదా?" అంది నాగరాణి.

"జాజు కనవడుతుందే. మూతి గూడ కనవడుతుంది నాకు. పోసినదాని మూతికి మందు తెల్లగ అంటుకుని ఉంటది, పెదవులు నాక్కుంటది. దీని మూతి ఎండిపోయి ఉన్నది. షాద్‌నగర్‌ల కూసుని నీ కండ్లు నెత్తికెక్కినయా పోరీ? దొరకవట్టంగనే రంగు పూస్తవా? మందు గొంతుల దిగినంక గద పూయాల్సింది! రేపు ఇది కడుపుబ్బి సస్తే, జాజు పూసినం, ఎందుకు సచ్చినవే అని అడుగుతవా దాన్ని?"

బీరన్న నవ్వాడు. ఆయన భార్య కూడా నవ్వింది. నాగరాణి మాత్రం నవ్వలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. జాజు నీళ్లు మోచేతి దాకా కారుతున్నా చూసుకోలేదు.

"ఏమైందే? గింత మాటకే గంత మొగం పెడ్తవా?" అంది ముసలామె, కాస్త తగ్గి.

"ఇంకోసారి చెప్పవ్వా."

"ఏంది, తిట్టుడా?"

"అవును. గదే మాట ఇంకోసారి చెప్పు."

లక్ష్మీనర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. "బీరన్నా, పిల్లకు ఎండ తాకిందిరా. నీడకు తోల్కపో" అంది.

ఎండ తాకలేదు. ఆ పిల్లకు టోకెన్ బటన్ కళ్ల ముందు కనిపించింది. 'టోకెన్ పడింది' అన్న మాటను ఆమె బటన్ నొక్కిన చోటే పెట్టింది. అంటే గొర్రెను పట్టిన చోట పెట్టింది. ఆ పేరు నొక్కినవాళ్ల ఫోన్ నుంచి దవాఖాన కంప్యూటరు దాకా పోయి, అందింది అని అక్కడి నుంచి జవాబు రావాలి. అది మందు గొంతులో దిగడం. దానికోసం ఆమె ఆగనేలేదు. ఆమే కాదు, పేజీ మొదట రాసినవాడు కూడా ఆగలేదు. నొక్కగానే టోకెన్ దొరికిందని రోగికి చెప్పేస్తున్నాడు. ఆఫీసులో నెట్టు బాగుంటుంది కాబట్టి ప్రతిసారీ అందుతుంది. గుట్టల సందున ఉన్న ఊళ్లలో సిగ్నల్ అట్లా వచ్చి ఇట్లా పోతుంది. అక్కడ నొక్కినవాళ్ల పేరు దారిలోనే పడిపోతుంది. ఇన్నాళ్లూ తన రంగు తననే నమ్మించింది.

మిగతా గొర్రెలన్నిటికీ ఆ రోజు జాజు ఆలస్యంగానే పడింది. ఒక్కో గొర్రె గుటక వేసేదాకా ఆగి, మూతి చూసి, అప్పుడు పూసింది నాగరాణి. పొట్టేలును మళ్లీ పట్టుకుని మందు పోశారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కింది. ముసలామె సద్ది మూట చేతిలో పెడుతూ, "పనిల పరధ్యానం వెట్టకు. ఈడ నేనున్న చూసెతందుకు, ఆడ ఎవలున్నరు?" అంది. ఉంది, స్వరూపక్క ఉంది అని చెబుదామనుకుంది పిల్ల. అనేలోపే బస్సు కదిలింది.

స్వరూప ఆదివారం అయినా ఆఫీసుకు వచ్చి కూర్చుని ఉంది. నాగరాణి సంచి దించకుండానే చెప్పింది. గొర్రెలు, మందు, పొట్టేలు మూతి, అన్నీ కలగాపులగంగా చెప్పింది. స్వరూప పొట్టేలును పక్కన పెట్టి అసలు విషయం పట్టుకుంది. "అయితే రెండు రంగులు పెట్టు. నొక్కంగనే ఒకటి, జవాబు వచ్చినంక ఒకటి" అంది.

నాగరాణి బటన్ దగ్గర పసుపు పూతతో 'పంపించాం' అని రాసింది. ఆకుపచ్చ మాటను అక్కడి నుంచి ఎత్తి, జవాబు అందుకునే చోట పెట్టింది. నొక్కి చూశారు. పసుపు పడింది, వెంటనే ఆకుపచ్చ పడింది. తర్వాత స్వరూప ఆఫీసు నెట్టు తీగ పీకేసింది. నొక్కారు. పసుపు పడింది. ఇద్దరూ స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆకుపచ్చ రాలేదు. పేజీ మీద మాత్రం పెద్ద అక్షరాలతో 'మీ టోకెన్ దొరికింది' అని వచ్చేసింది.

"దొంగముండాకొడుకు" అంది స్వరూప, పేజీ మొదట రాసినవాణ్ని తలుచుకుని. అంత పెద్దమనిషి నోట ఆ మాట వినడం నాగరాణికి అదే మొదలు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తప్పు కనపడ్డాక దిద్దడం ఎంతసేపు? జవాబు వచ్చినాకే టోకెన్ దొరికిందని చెప్పేట్టు మార్చారు. రాకపోతే 'ఇంకా అందలేదు, కాసేపాగి మళ్లీ నొక్కండి' అని తెలుగులోనే వచ్చేట్టు పెట్టారు. సోమవారం శివకృష్ణ చూశాడు. తీగ పీకి చూశాడు, పెట్టి చూశాడు, తన ఫోన్లో కూడా చూశాడు. "ఎట్ల దొరికింది?" అని అడిగాడు.

"మా అవ్వ తిట్టింది సార్. స్వరూపక్క కూసోవెట్టి చేయించింది" అంది నాగరాణి. ఇంకొకరైతే ఆ చోట మొత్తం తన గొప్పే చెప్పుకునేవారు. శివకృష్ణకు ముక్కలు అర్థమయ్యాయో లేదో కానీ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. దవాఖాన మేనేజరుకు తానే ఫోన్ చేసి, తప్పు దొరికింది, దొరకబట్టింది ఆ ఎర్ర రంగు పిల్లే అని చెప్పాడు. తిరిగి పోయినవాళ్లందరినీ మళ్లీ పిలవమన్నాడు. ఫోన్ పెట్టేసి, "ఇంక నువ్వు ఈడనే ఉంటున్నవ్. ఏ పనికి ఏ రంగో అందరికీ ఒక్కటే తీరు చెప్పు. వాళ్లు గూడ పెట్టుకుంటరు" అన్నాడు. కరుకైనవాడే, కానీ మాట మీద నిలబడే మనిషి. ఆ గుణానికి దండం పెట్టాలి.

ఆ సాయంత్రం నాగరాణి తండ్రి ఫోన్‌కు చేసింది. ఎత్తింది ముసలామె.

"అవ్వా, నౌకరి ఉన్నది. పక్కా అయింది. నువ్వు తిట్టకుంటే పోతుండె."

"తిట్టినందుకు దండం పెట్టెదాన్ని నిన్నే చూస్తున్న. మీ బాపును గింతప్పటి నుంచి తిడుతున్న, ఒక్కనాడన్న మంచి మాట అన్నడా?"

"నిజంగనే అవ్వా. నీకు ఏం గావాల్నో చెప్పు, తెస్త."

ముసలామె గొంతు తగ్గించింది. "గా కంటి దవాఖాన అంటివి గద. నా పేరు పెట్టుతవా? ఎడమ కన్ను మసకలు కొడుతుంది ఏడాది సంది."

"ఏడాది సందా! మరి గా పొట్టేలు మూతి ఎట్ల చూసినవే?"

"కుడి కన్నుతోని చూసిన. గదానికి రెండు కండ్లు గావాల్నా?"

నాగరాణి ఆ పేరును తన చేతులతోనే టైపు చేసింది. లక్ష్మీనర్సమ్మ, దేవరకొండ మండలం. నొక్కింది. పసుపు పడింది. స్వరూప కూడా కుర్చీ జరుపుకుని చూస్తున్నది. ఆకుపచ్చ పడింది.

టోకెన్‌లో చెప్పిన రోజున స్వరూప సెలవు పెట్టి మరీ దవాఖాన గుమ్మం దగ్గర నాగరాణి పక్కన నిలబడింది. బీరన్న తల్లి చెయ్యి పట్టుకుని బస్సు దింపాడు. లోపలి నుంచి పేరు పిలిచారు. ముసలామె కొంగు సర్దుకుని, స్వరూపను పై నుంచి కిందికి చూసి, "స్వరూపంటె నువ్వేనా? నా పిల్లను మంచిగ చూసుకున్నవంట. సల్లగుండు బిడ్డా" అని ఆమె తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత మనుమరాలి వైపు తిరిగి, "నిలవడ్డవేందే? పిలుస్తున్నరు, నడువు" అని ముందుకు నడిచింది.